అర్జునుడి కుడిచెయ్యి

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది తల నెరిసిన తర్వాత. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా మాట వినవు. నేను ఒక పేజీ నింపే లోపల మీరు పత్రిక మొత్తం చదివి పక్కన పెట్టేస్తారు. పోయిన వారం ఆలస్యం చేసినందుకు, ఈ వారం దొర్లే తప్పులకు పెద్ద మనసుతో మన్నించండి. చంద్రకాంతమ్మను వాకిట్లో నిలబెట్టి ఈ మాట చెప్పడానికి వచ్చాను. పాపం, ఇంకా అక్కడే ఉంది.

*

ఊరి మలుపులో బస్సు హారను కొట్టింది. మునస్వామి అరుగు మీద నుంచి లేవలేదు.

చంద్రకాంతమ్మ ఒక చేతిలో నీళ్ళసీసా, ఇంకో చేతిలో ఎక్స్‌రేల సంచి పట్టుకుని మొగుడి వైపు చూసింది. చీకటితో లేచి పాలు పితికి, డెయిరీలో పోసి వచ్చి, సంగటి కెలికి, ఈయనకు తల దువ్వి, చొక్కా బొత్తాలు పెట్టి, ఇంత చేసి తెమిలితే ఆయన ఇప్పుడు గోడకు ఆనుకుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

“నేను రాను పో.”

“యాడికి రావు?”

“తిరపతికి. ఎముక బాగుండాదని డాక్టరే చెప్పినాడు గదా.”

“ఎముక బాగుండాదన్నాడు. చెయ్యి బాగుండాదని అన్లేదు.”

మునస్వామి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. మామిడితోపు మలుపులో పచ్చగడ్డి మోపుతో సహా మోపెడ్ బోల్తాపడి భుజం కింది ఎముక విరిగిననాడు ఈయన భయపడలేదు. కట్టు కట్టేటప్పుడు కిక్కురుమనలేదు. కట్టు విప్పి, ఎముక కలిసింది, ఇక మెల్లగా చెయ్యి ఆడించుకో అని పంపినప్పుడు మాత్రం బెదిరిపోయాడు. తుండుగుడ్డ మెడకు కట్టుకుని, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు చేతిని అందులో పడుకోబెట్టాడు. కదిలించకుంటే బలం వస్తుందని ఆయన నమ్మకం. ఆడించు, ఆడించు అని ఆమె మొత్తుకుంటూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తీరా చూస్తే భుజం తుప్పు పట్టిన గేటులా బిగుసుకుపోయింది. చెయ్యి రొమ్ము దాటి పైకి రాదు.

తిరుపతి డాక్టరు ఫోటోలు చూసి, దీనికి మందులతో పని లేదు, ఫిజియోథెరపీ మొదలుపెట్టండి, ఇప్పటికే ఆలస్యం చేశారు అన్నాడు. శ్రీసిటీలో పనిచేసే కొడుకు హరినాథ్ అక్కడి నుంచే ఫోన్లు చేసి, బైరాగిపట్టెడలో ఒక చిన్న క్లినిక్కులో ఈ పొద్దుకు టైము తీసిపెట్టాడు. నాయన్ని ఎట్లయినా తీసుకుపో అమ్మా అని పొద్దున కూడా చెప్పాడు. చెప్పేవాడికేం, ఎంతైనా చెబుతాడు. లాక్కుపోవాల్సింది ఆమె కదా.

ఆ తెరపీ అంటే తైలం పోసి రుద్దడమేనని, ఆ రుద్దేదేదో ఇంట్లో తానే రుద్దుకుంటానని, ఎవరో ఆడపిల్ల ముందు చొక్కా విప్పి కూర్చునే కర్మ తనకు పట్టలేదని మునస్వామి అరుగు మీద నుంచే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బస్సు దగ్గరికి వచ్చేసింది.

చంద్రకాంతమ్మ సంచి కింద పెట్టింది.

“సరే. నువ్వు ఈడే ఉండు. నేను పోయి పూజారి గోవిందయ్యకు చెప్పేసి వస్తా, ఈ యేడు మానెక్కేది మీ ఎల్లప్ప అని.”

మునస్వామి లేచాడు. ఎడమచేత్తో పంచె సర్దుకుని, ఆమె కంటే ముందు బస్సెక్కి కూర్చున్నాడు.

ఆ ఊళ్ళో ద్రౌపదమ్మ గుడి ముందు ఏటా ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు పాశుపతం కోసం తపస్సుకు పోయే రోజున, గుడి ముందు నాటిన తాటిమాను మీదికి అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఎక్కాలి. పైన కూర్చుని నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి విసరాలి. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కొంగు పట్టుకుని కింద కాచుకుని ఉంటారు. ఆ తపసుమాను మునస్వామి తాత ఎక్కాడు, తండ్రి ఎక్కాడు. మీసాలు వచ్చిన నాటి నుంచి మునస్వామి ఎక్కుతున్నాడు.

ఇప్పుడు తల దువ్వుకోలేని చేత్తో కూడా ఎక్కుతానంటున్నాడు. చంద్రకాంతమ్మకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఒక్క మాటే. అంత ఎత్తు నుంచి జారితే ఈసారి కట్టు కట్టడానికి ఏమీ మిగలదు.

*

తిరుపతికి పోయేటప్పుడు బనీనుతో పోతారా అని మునస్వామి గంజిపెట్టిన నిండుచేతుల చొక్కా వేసుకున్నాడు. వదులుగా ఉండే పొట్టిచేతుల చొక్కా వేసుకో అని ఆమె చెప్పిన మాట గాలికి పోయింది. క్లినిక్కులో ఆ చొక్కా విప్పడానికి ఇద్దరు ఆడవాళ్ళు తంటాలు పడాల్సి వచ్చింది. ఒకరు ఆమె, ఇంకొకరు ఫిజియోథెరపిస్టు కృపామణి. సత్యవేడు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ చదువుకుని స్థిరపడిన పిల్ల. సన్నగా, కళ్ళద్దాలతో, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది.

“ఇంకోసారి వదులుది వేసుకొని రాండయ్యా. చొక్కా విప్పేతలికే నొప్పి తెచ్చుకుంటే నేను చూసేదేముంటాది?”

తర్వాత ఆమె అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడు విరిగింది, ఎవరు కట్టారు, ఎప్పుడు విప్పారు, షుగరు ఉందా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, నొప్పి భుజంలోనేనా, మెడకు పాకుతుందా, వేళ్ళు మొద్దుబారుతాయా. ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయింది. మునస్వామి ఓపిక అయిపోయింది.

“ఏం పాపా, నువ్వు చూసేది చెయ్యినా, నా జాతకమా?”

“రెండూ అయ్యా. మొదటి దినం అడిగేదే ఎక్కువ, చేసేది తక్కువ.”

ఆమె పెన్ను పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూసింది.

“ఈ చేత్తో మీకు ఏ పని కావాల? తిరిగి ఏం చెయ్యాలని మీ ఆశ?”

మునస్వామి ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు ఉంది, బతిమాలడమూ ఉంది.

“బువ్వ తినాల. తల దువ్వుకోవాల. అంతే.”

చంద్రకాంతమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. కొత్తపిల్ల ముందు మొగుణ్ణి అబద్ధాలకోరును చేయలేకపోయింది. ఆ తర్వాత ఆమెకు తన నోరు మీదే విసుగు పుట్టింది.

చెయ్యి ఎత్తమంటే మునస్వామి ఎత్తాడు. ఎత్తడమంటే, ఒళ్ళంతా ఎడమపక్కకు వంచి, చెయ్యి పైకి పోయినట్టు చూపించాడు. కృపామణి ఆయన నడుము మీద చెయ్యి ఆనించి నిటారుగా నిలబెట్టింది. చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది.

వేడి సంచి భుజానికి పెట్టి, కాసేపు ఆగి, పడుకోబెట్టి మెల్లగా కదిలించింది. మునస్వామి పళ్ళు బిగించాడు. కరెంటు మిషను ఎప్పుడు పెడతావని మధ్యలో రెండుసార్లు అడిగాడు. మిషను అవసరమైతే పెడతానని, దానితో చెయ్యి తిరగదని ఆమె చెప్పింది. బల్ల మీద ఎడమచెయ్యి ఆనించి ముందుకు వంగి, కుడిచేతిని గంట నాలుకలా వదులుగా ఊపడం నేర్పింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో మెట్టు మెట్టుగా పైకి పాకించడం నేర్పింది. కట్టె రెండు చేతులా పట్టుకుని బాగున్న చేత్తో బాగులేని చేతిని లేపడం నేర్పింది. ఆయన చేత ఒకసారి, చంద్రకాంతమ్మ చేత ఒకసారి చేయించి చూసింది. తుండుగుడ్డ ఉయ్యాల తీసి ఆమె చేతికే ఇచ్చింది.

“నా దగ్గర మీరు ఉండేది రొంతసేపు. మిగతా పొద్దంతా మీ ఇంట్లోనే. చెయ్యి తిరిగేది ఈడ కాదయ్యా, ఆడ.”

“నొప్పి పుడితే?”

“పుడతాది. లాగినట్టుండి రొంచేపటికి సర్దుకుంటే అది మంచి నొప్పే. కత్తితో పొడిసినట్టుంటే ఆపేయండి. రాత్రి పడుకోనీకుండా చేస్తే ఎక్కువ చేసినట్టు. వాచినా, వేళ్ళు తిమ్మిరెక్కినా నాకు ఫోన్ చెయ్యండి. ఒక పొద్దు బాగుండి ఇంకో పొద్దు తగ్గినట్టు ఉంటాది, దానికి బెంగపడొద్దు.”

“ఎన్ని దినాలు పడతాది పాపా?”

“నెలలు పడతాదయ్యా.”

మునస్వామి ముఖం మాడిపోయింది. తిరుగు బస్సులో పుత్తూరు దాటేదాకా మాట్లాడలేదు. దాటాక ఒక్కటే అన్నాడు. మానెక్కేవాడికి కాపు దారం కట్టేది వచ్చే శుక్రవారం. ఈ పిల్ల నెలలంటోంది.

*

ఇంట్లో మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు పాలవాళ్ళు ఎవరో వాకిట్లో నుంచి, ఏమన్నా, గోడమింద బల్లి మాదిరి పాకతా ఉండావే అని నవ్వారు. అంతే. అర్జునుడు బల్లి అయ్యాడు. ఆనాటి నుంచి గోడ దగ్గరికి పోవడం మానేశాడు.

చేసినావా అంటే చేసినానంటాడు. ఎప్పుడంటే నువ్వు గడ్డికి పోయినప్పుడు అంటాడు. అన్నం దగ్గర మాత్రం నిజం బయటపడేది. సంగటి ముద్దలో చెంచా గుచ్చి ఎడమచేత్తో పెకలిస్తుంటే ముద్ద పళ్ళెంలో గిరగిరా తిరిగేది. ఆమె ఉండబట్టలేక ముద్దలు చేసి పెడితే, నేనేమన్నా చంటిపిల్లోడినా అని కసిరేవాడు. పెట్టకుంటే, నన్ను పట్టించుకునేవాళ్ళు ఎవరు అనేవాడు. ఏం చేసినా తప్పే. చంద్రకాంతమ్మ పళ్ళెం ముందు పెట్టి వంటింట్లోకి పోవడం నేర్చుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె గడ్డిమోపుతో తిరిగివచ్చేసరికి పశువుల కొట్టంలోంచి మూలుగు వినపడింది. ఆవు ఈనుతోందేమో అనుకుంది. కాదు. మునస్వామి నీళ్ళు చేదే తాడు దూలం మీదుగా వేసి, ఒక కొస కుడి మణికట్టుకు కట్టుకుని, రెండో కొసను ఎడమచేత్తో బలంకొద్దీ లాగుతున్నాడు. కుడిచెయ్యి తలకంటే పైకి లేచి ఉంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆమె మోపు అక్కడే పడేసి తాడు పట్టుకుంది.

“విడు.”

“రొంచేపు ఉండు మేయ్. పైకి వచ్చినాది చూడు.”

“వచ్చినాదా, పీక్కొచ్చినావా?”

“తపస్సంటే ఊరికే వస్తాదా? మా నాయన తొడమింద తేలు కుట్టినా పద్యం నిలపలేదు.”

“మీ నాయన రెండు చేతులతో ఎక్కినాడు.”

తాడు విప్పుతుంటే చెయ్యి సంచిలా కిందికి జారింది. మునస్వామి ఒక్క అరుపు అరిచాడు. తర్వాత ఇద్దరూ ఆ కొట్టంలోనే, ఆవు పక్కన, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చాలాసేపు కూర్చున్నారు.

మరునాటికి భుజం వాచింది. రొమ్ము దాకా వచ్చే చెయ్యి ఇప్పుడు నడుము దగ్గరే ఆగిపోయింది. ఆమె కృపామణికి ఫోన్ చేస్తానంటే సెల్లు లాక్కుని జేబులో వేసుకున్నాడు. టీ అంగడి దగ్గర కూర్చుని, ఆ తిరుపతి పాప నా చెయ్యి చెడగొట్టింది, పోయినప్పటికంటే అన్యాయంగా ఉండాది అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పాడు. ఆ మాట డెయిరీ దగ్గర చంద్రకాంతమ్మ చెవిన పడింది. పాలు పోయించుకునే మనిషే సానుభూతిగా, ఎందుకమ్మా ఆ తెరపీలు, చెడగొట్టేదానికి కాకపోతే అన్నాడు. ఆమెకు తల కొట్టుకోవాలనిపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో సంసారం చేయవచ్చు. కుందేలు కాలు తానే విరిచి పక్కవాళ్ళ మీద వేసే మనిషితో ఎట్లా?

ఇంటికి వచ్చి ఆమె ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది. మాట పెట్టలేదు. సాయంత్రానికి ఆయనకే ఉండబట్టలేదు.

“ఏందో ఒకటి అను.”

ఆమె పళ్ళెం కడిగి బోర్లించింది.

“తిట్టన్నా తిట్టు మేయ్.”

“రేపు బస్సుకు లే,” అంది. “వదులు చొక్కా తీసిపెట్టినా.”

*

కృపామణి భుజం చూసింది. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తు చూసింది. చేతిని మెల్లగా దిండు మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“ఇది నేను చెప్పిన పని కాదయ్యా.”

మునస్వామి ఫ్యాను వైపు చూశాడు.

“నేనేమీ కోప్పడను. ఏం చేసినారో చెప్తే, ఈ పొద్దు ఏం చెయ్యాలో నాకు తెలుస్తాది. చెప్పకుంటే చీకట్లో సూదికి దారం ఎక్కించినట్టే నా పని.”

ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయట ఎవరో తమ వంతు ఎప్పుడని అడుగుతున్నారు. చంద్రకాంతమ్మ ఒడిలో ఎక్స్‌రేల సంచి గట్టిగా పట్టుకుంది. ఇంక నోరు మూసుకుంటే ఈ మనిషిని చేతులారా మాను ఎక్కించినట్టే అనుకుంది.

“తపసుమాను ఎక్కాలంట పాపా ఈయన. దానికే దూలానికి తాడేసి లాక్కున్నాడు.”

“మేయ్,” అన్నాడు మునస్వామి.

“గమ్మున ఉండు. నన్ను చెప్పనీ.”

చెప్పింది. ద్రౌపదమ్మ గుడి, తాటిమాను, తాత, తండ్రి, శుక్రవారం కట్టే కాపు, అది కట్టుకుంటే భారతం ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదన్న కట్టుబాటు, అన్నీ చెప్పింది. కృపామణి మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక కళ్ళద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది.

“మొదటి దినం నేను అడిగింది ఇదే గదయ్యా. బువ్వ తినే చేతికి ఒక దారి, మానెక్కే చేతికి ఇంకో దారి.”

“చెప్పినుంటే ఎక్కమనేదానివా?”

“అననుగా.”

“అందుకే చెప్పలేదు.”

కృపామణికి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఈ యేడు వద్దని, విడవకుండా చేసుకుంటే వచ్చే ఏటికి చూడవచ్చని, అదీ మాట ఇవ్వలేనని ఆమె చెప్పింది. తాడుతో లాగినందుకు కొన్ని రోజులు వెనక్కి పోయామని, వాపు తగ్గేదాకా ఊపడం ఒక్కటే చేయాలని, తర్వాత మళ్ళీ గోడ దగ్గర మొదలుపెట్టాలని చెప్పింది. కాపు కట్టుకుని ఇక్కడికి రావడం నిలిపేస్తే ఈ కొంచెం కదలిక కూడా బిగుసుకుంటుందని చెప్పింది.

మునస్వామికి ఆ మాటలేవీ లోపలికి పోలేదు. వద్దన్న మాట ఒక్కటే పోయింది.

“నీ దేవుడు వేరే పాపా. మా మాను సంగతి నీకేం తెలుసు?”

చంద్రకాంతమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. కృపామణి మాత్రం ముఖం మార్చుకోలేదు.

“మా పక్కూర్లో మాను నాటతారయ్యా. మా నాయన భుజమ్మింద కూచోని చూసినా నేను. పైనుండే ఆయన ఒక చేత్తో మాను పట్టుకుంటాడు, ఒక చేత్తో నిమ్మకాయలు ఇసురుతాడు. మీకు పట్టుకునే చెయ్యి యేది, ఇసిరే చెయ్యి యేది?”

మునస్వామి రెండు చేతుల వైపూ చూసుకున్నాడు.

బస్సులో నారాయణవనం దాటుతుండగా చంద్రకాంతమ్మ అడిగింది.

“గోవిందయ్యకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తా.”

“కాపు ఎల్లప్పకు కట్టమని చెప్తావా?”

“చెప్తానని చెప్పినా గదా.”

ఎల్లప్ప ఆయన తమ్ముడి కొడుకు. ముప్పై దాటినవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. కరెంటు స్తంభాలెక్కే పని. గొంతు కూడా మంచిదే. వాడి పేరెత్తితే చాలు, స్తంభం ఎక్కేవాడు మానెక్కుతాడా, తీగ పట్టుకున్నంత సులువా పద్యం పట్టుకోవడం అని మునస్వామి ఎగతాళి చేసేవాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. అందుకే ఆమె నమ్మింది.

*

శుక్రవారం సాయంత్రం గోవిందయ్య ఇంటి నుంచి పళ్ళెం వచ్చింది. పసుపు కొమ్ము కట్టిన దారం, అక్షింతలు, తమలపాకులు. కాపు కట్టుకునేవాడి ఇల్లాలు దాన్ని గుడికి మోసుకురావడం ఆనవాయితీ.

పళ్ళెం తమ ఇంటికి ఎందుకు వచ్చిందో చంద్రకాంతమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఈయన గోవిందయ్యకు ఏమీ చెప్పలేదు.

మునస్వామి తలస్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, భుజాల మీద ఉత్తరీయం కప్పుకుని బయటికి వచ్చాడు. పంచె ఒంటిచేత్తో ఎట్లా కట్టుకున్నాడో ఆమెకు తెలియదు. వంకరగా ఉంది. అలవాటుగా ఆమె చెయ్యి సర్దడానికి పోయింది. సగంలో వెనక్కి తీసుకుంది.

“చెప్తానంటివే.”

“చెప్పేదానికే పోయినా. ఆయన నన్ను చూడంగానే, ఏమప్పా అర్జునా, ఈ యేడు పద్యం ఒకటి ఎక్కువ పాడాల అన్నాడు. నాకు నోరు రాలేదు.”

ఆమె పళ్ళెం ఎత్తుకుంది. ఇంట్లో అరిస్తే వీధికి వినపడుతుంది. వీధిలో అరిస్తే ఊరికి వినపడుతుంది. ఇద్దరూ నడిచారు. గుడి సందు మొదట్లో మునస్వామి ఆగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఒక మాట. చేతులు నెత్తిన జోడించి అమ్మకు మొక్కితేనే గదా కాపు కట్టేది. నువ్వు పళ్ళెం ఎవరికన్నా ఇచ్చి నా వెనకాల నిలబడు. ఉత్తరీయం కింద నుంచి మోచెయ్యి రొంత పైకి నెట్టు. ఎవురికీ కనపడదు.”

ఆమె పళ్ళెంలో జారిన తమలపాకులు సర్దింది.

“ఆ ఒక్కపారి చాలు. మాను దగ్గర నేను చూసుకుంటా.”

“ఎట్ల చూసుకుంటావు?”

ఆయన ఎడమచెయ్యి చాపి ఆమె మోచేతిని ముట్టుకున్నాడు.

“నీకు మొక్కుతా మేయ్.”

ఇన్నేళ్ళ సంసారంలో ఆమె ఆ మాట ఆయన నోట వినలేదు. పళ్ళెం ఎత్తి పట్టుకుని గుడి వైపు నడిచింది.

గుడి ముందు జనం ఉన్నారు. మాను కోసం తవ్విన గుంట చుట్టూ ముగ్గు వేశారు. మాను ఇంకా పడుకునే ఉంది, పసుపు పూసుకుని, మెట్లుగా మేకులు కొట్టించుకుని. చంద్రకాంతమ్మ దాని పొడవు వెంబడి చూపు పోనివ్వలేదు. జనంలో ఎల్లప్ప తన బిడ్డను భుజం మీద కూర్చోబెట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదనాయనను చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

గోవిందయ్య దారం చేతిలోకి తీసుకున్నాడు. ముసలాయన చూపు మందగించింది గానీ అమ్మవారి పనిలో ఒక్క నలుసు తప్పనివ్వడు. డప్పు ఆగింది.

“మొక్కప్పా,” అన్నాడు.

మునస్వామి తల కొంచెం వెనక్కి తిప్పాడు. ఆమె కోసం.

పక్కనున్న ఆడమనిషి, పళ్ళెం ఇట్లియ్యి అక్కా, నువ్వు పోయి ఆయన పక్కన నిలబడు అని చేతులు చాపింది. పళ్ళెం బరువేమీ కాదు. ఇవ్వడం ఒక్క క్షణం పని. ఆ మోచెయ్యి ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుట్టదో ఈ ఊళ్ళో తెలిసినది ఆమెకు ఒక్కదానికే.

చంద్రకాంతమ్మ పళ్ళేన్ని రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకుంది.

“వద్దులే. నేనే పట్టుకుంటా.”

మునస్వామి ఆ మాట విన్నాడు. ఆయన వీపు బిగుసుకోవడం ఆమెకు కనిపించింది. తర్వాత ఎడమచెయ్యి పైకి లేచింది. దాని వెంట కుడిచెయ్యి బయలుదేరింది. నడుము దాటింది. రొమ్ము దగ్గరికి వచ్చింది. అంతకంటే పైకి రాలేదు. ఉత్తరీయం జారి కింద పడింది. వాచిన భుజం ఊరంతటికీ కనిపించింది.

గోవిందయ్య దారం పట్టుకుని కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఆయనకు కనిపించిందో లేదో తెలియదు. వెనక వరుసలో ఒక ఆడమనిషి, అయ్యో తల్లీ అంది.

మునస్వామి చెయ్యి దించలేదు. ముఖం మీద చెమట ధారగా కారుతోంది. ఆయన పెళ్ళాం వైపు చూడలేదు. జనంలోకి చూశాడు.

“ఎల్లప్పా,” అని పిలిచాడు.

ఎల్లప్ప బిడ్డను కిందికి దించాడు. మోచెయ్యి పట్టుకోవడానికి పిలిచాడో, మణికట్టు చాపమని పిలిచాడో వాడికి తెలియలేదు. చంద్రకాంతమ్మకూ తెలియలేదు. రెండు చేతులూ ముందుకు పెట్టుకునే వచ్చి పెదనాయన పక్కన నిలబడ్డాడు.

మునస్వామి ఎడమచెయ్యి దించి, వాడి మణికట్టు పట్టుకుని గోవిందయ్య చేతిలోని దారం ముందుకు చాపాడు.

*

రాసినది చెంగమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉండేది పుత్తూరులో, పెద్దకూతురి ఇంట్లో.